పాత పికప్పు బ్రేకులు: అప్పు మనది, బండీ మనదే

(గరివిడిలో జరిగిన మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘ సభ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాము.)



నన్ను మాట్లాడమన్నది పాత పికప్పు బండి బ్రేకుల గురించి. అజెండా చదివినప్పుడు కొంతమంది నవ్వారు, నాకూ వినిపించింది. "ఇదేటి, ఆడోళ్ల మీటింగులో బ్రేకులేటి" అని వెనక వరసలో ఎవరో అన్నారు కూడా. అన్నవాళ్ల ఇంటి ముందే ఒక పికప్పు ఉందని నాకు తెలుసు, అందుకే వాళ్ల కోసమే ముందుగా చెప్తాను.

మన సంఘాల పుస్తకాల్లో గేదెలు, కుట్టుమిషన్లు, కిరాణా కొట్లు రాసుకున్న పక్కనే ఇప్పుడు బండ్లు కూడా రాస్తున్నాం. స్త్రీనిధిలో కొంత, బ్యాంకు లింకేజీలో వచ్చిన వాటా కొంత, చెవిలోవి తాకట్టు పెట్టి కొంత, అన్నీ కలిపి సెకండ్‌హ్యాండు బండి కొంటున్నాం. ఆర్సీ మగాయన పేరునో, కొడుకు పేరునో ఉంటుంది. అప్పు కాగితం మీద సంతకం మాత్రం మనది. ఆ బండి ఆగిపోతే వాయిదా ఆగుద్ది. ఆగాల్సిన చోట ఆగకపోతే మనిషే పోతాడు. సంతకం మనదైనప్పుడు దాని కింద నాలుగు చక్రాల్లో ఏముందో చూడ్డానికి సిగ్గెందుకు?

మాది పాత మహీంద్రా పికప్పు. మా ఆయన మొదట్లో ఆ బండి మీద ముడిసరుకు గోనెలు, తర్వాత మొక్కజొన్న, మామిడికాయలు, టెంటు సామాన్లు తోలేవారు. ఆయనకి నడుం పట్టేశాక ఇప్పుడు మా మరిది తోలుతున్నాడు. బండి కింద పని మాత్రం చాలా ఏళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఎలా నేర్చుకున్నానంటే, మెకానిక్ పనిలో ఆడదానికి ఇచ్చే పని ఒకటుంది: సీట్లో కూర్చుని పెడలు నొక్కడం. బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. కింద పడుకున్నాయన "నొక్కు... పట్టుకో... వదులు" అంటాడు, పైన మనం నొక్కాలి. అలా ఎన్నో ఏళ్లు నొక్కాను. నొక్కినప్పుడల్లా కింద ఏం జరుగుతుందో అడిగాను. విసుక్కున్నా అడిగాను. ఒకరోజు నేను కిందకి దిగి, ఆయన్ని సీట్లో కూర్చోబెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. డ్రమ్ము బ్రేకు అంటే ఏటంటే, చక్రంతో పాటు తిరిగే ఒక పోత ఇనుము గిన్నె. గిన్నె లోపల చంద్రవంక ఆకారంలో రెండు షూలు ఉంటాయి, వాటికి లైనర్లు అంటించి గాని, రివిట్లు కొట్టి గాని ఉంటాయి. మనం పెడలు నొక్కితే మాస్టరు సిలిండరులో ఉన్న బ్రేకాయిలు గొట్టాల్లోంచి చక్రం దగ్గరికి తోసుకుపోతుంది. అక్కడ వీల్ సిలిండరు అని వేలంత చిన్న పిచికారీ ఉంటాది. దాని రెండు పక్కలా రబ్బరు కప్పులు. అవి షూలని బయటకి నెడతాయి, షూలు గిన్నె లోపలి గోడని రాస్తాయి, చక్రం ఆగుతుంది. కాలు తీస్తే స్ప్రింగులు షూలని వెనక్కి లాగేస్తాయి. అంతే. రుబ్బురోలు కన్నా కష్టమైనదేం కాదు.

ఫ్రాన్సులో లూయీ రెనో 1902లో ఈ పద్ధతిని పట్టాలెక్కించాడు అంటారు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఇంకా పోలేదు. 2005లో వచ్చిన టాటా ఏస్‌కి, అదే మనం చిన్నేనుగు అనుకునే బండికి, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే. పాత జీపు వంశంలో పుట్టిన బండ్లకైతే నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆ పాత వాటిలో ఇంకో చిక్కు ఉంది. చాలా వాటికి ఆయిలు దారి ఒకటే. ఒక చక్రం దగ్గర కారిందంటే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే. తర్వాత వచ్చిన బండ్లకి రెండు దారులు పెట్టారు, ఒకటి పోయినా రెండోది సగం పట్టుకుంటాది. మీ బండికి ఒకటా రెండా అన్నది కొనకముందే అడగండి.

డ్రమ్ముకి పెద్ద శత్రువు వేడి. మన సాలూరు దాటి కోరాపుట్ వెళ్లే దారిలో ఘాటు రోడ్డు మీకు తెలుసు. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు పోయే ఘాటూ తెలుసు. ఎక్కేటప్పుడు ఇంజనుకి పని, దిగేటప్పుడు బ్రేకుకి పని. దిగువలో మాటిమాటికీ కాలు వేసి ఉంచితే డ్రమ్ము కాలిపోద్ది. కాలితే ఏమవుతుంది? చిన్నప్పుడు ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వెయ్యడం చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కమ్మరి పిడకల మంటలో పట్టాని కాలుస్తాడు. కాలితే పట్టా సాగుతుంది, చక్రం మీదకి ఎక్కుతుంది. నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. డ్రమ్ము కూడా ఆ పట్టాలాంటిదే. కాలిన కొద్దీ పెద్దదవుతుంది, షూలకి దూరంగా జరుగుతుంది. పెడలు ఇంకా లోపలికి పోతుంది. లైనరు కూడా వేడికి పట్టు వదిలేస్తుంది. అప్పుడు డ్రైవరు "బ్రేకులు పట్టట్లేదురా" అంటాడు. మనిషి తప్పు కాదు, ఇనుము గుణం.

రెండో శత్రువు నీరు. ఎక్కడి నీరంటే, బ్రేకాయిలులోకి చేరిన నీరు. పేరుకి ఆయిలు గాని అది నూనె కాదు. ఉప్పు చెమ్మ పీల్చుకున్నట్టు గాలిలో తేమని పీల్చుకునే ద్రవం. డాట్ 3 అని రాసి ఉన్న డబ్బా కొత్తగా తెరిచినప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ లెక్క 140 డిగ్రీలకి దిగిపోవచ్చు. ఘాటు దిగేటప్పుడు చక్రం దగ్గర ఆ వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవాన్ని నొక్కితే నొక్కుబడదు, ముందుకి తోస్తుంది. ఆవిరిని నొక్కితే మెత్తగా నొక్కుకుపోద్ది. పెడలు నేలకి తగులుతుంది, చక్రానికి ఏమీ చేరదు. అందుకే రెండేళ్లకోసారి పాత ఆయిలు పూర్తిగా తీసేసి కొత్తది పొయ్యాలి. మూత తీసి ఏడాదిగా అలమారలో ఉన్న సగం డబ్బా పనికిరాదు, ఎంత పొదుపు మనుషులమైనా అది పారబోసెయ్యాలి. దారిలో దొరకలేదని ఇంజను ఆయిలో, ఇంకేదైనా నూనో పోస్తే మరీ ఘోరం. లోపలి రబ్బరు కప్పులన్నీ ఉబ్బి పాడైపోతాయి. ఆ తర్వాత మాస్టరు సిలిండరు దగ్గర్నుంచి అన్నీ మార్చాలి.

ఘాటు దిగేవాళ్లకి ఇంకొక్క మాట. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. డీజిలు మిగులుద్దని న్యూట్రల్ చేసి, ఇంజను ఆపి దిగే మహానుభావులు ఉన్నారు. మిగిలే డీజిలు ఒక టీ నీళ్ల ఖరీదు. బూస్టరు ఉన్న బండిలో ఇంజను ఆపితే రెండు మూడు నొక్కులకి దాని సాయం అయిపోద్ది, పెడలు రాయిలా అవుద్ది. మీ ఇంట్లో తోలేవాడు ఆ పని చేస్తున్నాడో లేదో అన్నం పెట్టేటప్పుడు అడగండి. కోప్పడకుండా అడగండి, నిజం చెప్తాడు.

మా బండికి జరిగింది చెప్తాను. ఒకసారి మా మరిది కొండ మీద నుంచి చింతపండు లోడు దించుకొస్తున్నాడు. బ్రేకు వేసినప్పుడల్లా బండి ఎడమకి లాగేస్తంది. ఒక మలుపులో పిట్టగోడకి జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి నీళ్లు కూడా తాగకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. అంతకు నెల ముందే ఒక షెడ్డులో నాలుగు చక్రాలకీ షూలు మార్చామని డబ్బు తీసుకున్నారు. నేను ముందు చక్రాలు రెండూ విప్పాను. ఎడమ పక్క కొత్త షూలు. కుడి పక్క పాతవే, దాని మీద ఆయిలు జిడ్డు. అంటే ఎడమ చక్రం గట్టిగా పట్టుకుంటుంది, కుడిది జారిపోతుంది, బండి పట్టుకున్న వైపుకి తిరుగుతుంది. ఆ షెడ్డు పేరు నేను చెప్పను. కానీ అప్పట్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది: షూలు మార్చిస్తే పాత షూలు ఇంటికి తెచ్చుకుంటాను. ఒక యాక్సిలుకి రెండు చక్రాలు, చక్రానికి రెండు షూలు, నాలుగు పాత షూలు లెక్కపెట్టి తీసుకున్నాకే డబ్బిస్తాను. సంఘంలో రసీదు లేకుండా డబ్బు కదపం కదా, ఇది కూడా రసీదే.

మీరు విప్పకపోయినా పరవాలేదు. విప్పుతున్నప్పుడు పక్కన నిలబడి చూడ్డానికి ఏమేం జరగాలో తెలిస్తే చాలు. విప్పాలనుకునే వాళ్లకి మాత్రం కొంచెం వివరంగా చెప్తాను.

బండి చదును నేల మీద పెట్టాలి. విప్పని చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. వెనక డ్రమ్ము తియ్యాలంటే హ్యాండుబ్రేకు వదిలేసి ఉండాలి, కాబట్టి ఆ రాళ్లే దిక్కు. చక్రం నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ మీద ఉన్న బండి కిందకి తల పెట్టకూడదు. కింద స్టాండు గాని, గట్టి చెక్క దుంగలు గాని పెట్టాలి. ఇటుకలు వద్దు, పగిలిపోతాయి. ఈ ఒక్క విషయంలో తొందరపడి చనిపోయిన మెకానిక్కుల కథలు ప్రతి రోడ్డు పక్కనా ఉంటాయి.

డ్రమ్ము ఊడి రాకపోతే సుత్తితో మోదెయ్యకండి. చాలా ఏళ్లు షూలు రాసీ రాసీ డ్రమ్ము లోపల గాడి పడుతుంది, అంచు గట్టులా మిగులుతుంది. షూలు ఆ గట్టుకి తట్టుకుంటాయి. ముందు అడ్జస్టరు వెనక్కి తిప్పి షూలని దగ్గర చెయ్యాలి, తర్వాత చుట్టూ మెల్లగా తట్టాలి. కొన్ని డ్రమ్ములకి మర ఉన్న రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో బోల్టులు బిగించుకుంటూ పోతే అదే బయటకి వస్తుంది.

డ్రమ్ము రాగానే నల్లటి బూడిద కనిపిస్తుంది. దాన్ని నోటితో ఊదకండి, గాలి గొట్టం పెట్టకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సరు రావచ్చు. మీ బండి లైనరులో అది ఉందో లేదో కంటికి తెలియదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్యండి. ఫ్యాక్టరీ దుమ్ము, గనుల దుమ్ము చూసిన ఊరు మనది. దుమ్ముతో ఏమవుద్దో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. షెడ్డులో పనిచేసే పదహారేళ్ల కుర్రాళ్లకి మాత్రం చెప్పాలి.

అప్పుడు ఫోను తీసి ఫోటో తీసుకోండి. ఏ స్ప్రింగు ఏ కన్నంలో ఉంది, ఏ షూ ముందుంది అన్నీ అందులో పడాలి. ఒక్కసారికి ఒక్క పక్కే విప్పండి. అనుమానం వస్తే రెండో పక్క చూసుకోవచ్చు. కొన్ని బండ్లలో రెండు షూల లైనర్లు ఒకే పొడవు ఉండవు, పొట్టిది ముందుకి ఉండాలి. అటుదిటు వేస్తే బండి ఆగుద్ది గాని సరిగ్గా ఆగదు.

ఇక చూడవలసినవి. లైనరు మందం రెండు మిల్లీమీటర్లకి, అంటే ఇంచుమించు అయిదు రూపాయల బిళ్ల మందానికి దిగితే మార్చాలి. రివిట్లు ఉన్న లైనరైతే మందం రివిటు తల పైనుంచి చూడాలి. రివిటు తల డ్రమ్మునే గీకిందంటే ఆలస్యం చేసినట్టే. వీల్ సిలిండరు మీద దుమ్ము టోపీ కొంచెం ఎత్తి చూడాలి. లోపల తడి ఉంటే కప్పులు పోయాయన్నమాట. కప్పుల కిట్టు పెద్ద ఖరీదు కాదు, ఒక పూట డీజిలు కన్నా తక్కువే. సిలిండరు లోపల తుప్పు గుంటలు పడితే కిట్టు వేసినా మళ్లీ కారుతుంది, సిలిండరే మార్చాలి. కప్పులు పెట్రోలుతో, డీజిలుతో కడగకూడదు, బ్రేకాయిలుతోనే తడపాలి. షూ మీద ఉన్నది బ్రేకాయిలు కాకుండా చిక్కగా, వాసనగా ఉంటే అది యాక్సిలు ఆయిలు. సీలు పోయింది. సీలు మార్చకుండా షూలు మార్చడం, కన్నం ఉన్న కుండలో పాలు పోసి మూత పెట్టినట్టుంటాది. జిడ్డు పట్టిన లైనరు కడిగినా, కాల్చినా పనికిరాదు. కాల్చి మళ్లీ వేస్తామనేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోకండి.

డ్రమ్ము లోపల గాడులు వేలికి తగిలితే లేతు మీద చెక్కించాలి. రెండు పక్కలవీ సమానంగా చెక్కించాలి, లేకపోతే మళ్లీ లాగుడు మొదలవుద్ది. ఎంతవరకు చెక్కవచ్చో చాలా డ్రమ్ముల మీద అంకె పోసి ఉంటుంది. చిన్న బండ్ల డ్రమ్ములకి సాధారణంగా వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటరు దాటనివ్వరు. పలచబడిన డ్రమ్ము తొందరగా కాలుతుంది, పగులుతుంది కూడా. అంకె దాటితే ఇనప సామాన్ల కొట్టుకి వెయ్యడమే.

అన్నీ బిగించాక అడ్జస్టరు తిప్పుతూ చక్రం చేత్తో తిప్పాలి. షూ రాసుకుంటున్న చప్పుడు వచ్చాక, ఆ చప్పుడు పోయీ పోనట్టుగా వెనక్కి తిప్పి ఆపాలి. తర్వాత గాలి తియ్యడం. మాస్టరు సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలు. మన బండ్లలో వెనక ఎడమది, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిపిలుకి పారదర్శకమైన గొట్టం పెట్టి, రెండో కొస కొంచెం ఆయిలు ఉన్న సీసాలో ముంచాలి. పైనున్న మనిషి నొక్కి పట్టుకోవాలి. కింద నిపిలు వదులు చేస్తే బుడగలు వస్తాయి. నిపిలు బిగించాకే "వదులు" అనాలి. ముందే వదిలేస్తే బయట గాలి మళ్లీ లోపలికి పోతుంది. పైన డబ్బాలో ఆయిలు తరక్కుండా ఇంకొకరు చూడాలి. సీసాలోకి వచ్చిన ఆయిలు మళ్లీ పొయ్యకూడదు. రంగు మీద పడితే పెయింటు లేచిపోద్ది, వెంటనే నీళ్లతో కడగాలి. పెడలు ఎత్తుగా, గట్టిగా నిలిచేదాకా ఈ పని. ఆ తర్వాత ఖాళీ బండితో, జనం లేని చోట, నడక వేగంతో పరీక్ష. కొత్త షూలు డ్రమ్ముకి కూర్చోడానికి కొంత దూరం పడుతుంది, మొదటి రోజే లోడేసి ఘాటుకి పంపకండి.

లోడు అంటే గుర్తొచ్చింది. బరువు రెట్టింపైతే బ్రేకు మీద పని రెట్టింపు. వేగం రెట్టింపైతే నాలుగింతలు. ముప్ఫైలో ఆగిన బండిని అరవైలో ఆపాలంటే నాలుగు రెట్ల వేడి ఆ గిన్నెలోనే పుట్టాలి. సిరిమానోత్సవానికి, పెళ్లిళ్లకి ఇదే పికప్పులో ముప్ఫై మందిమి ఎక్కుతున్నాం. సరుకు బండిలో జనాన్ని ఎక్కించడం చట్టం ఒప్పదు. ఏదైనా జరిగితే ఆ జనానికి బీమా డబ్బు రావడం గగనం. మన ఊళ్లలో ఆటో దొరకదు, బస్సు రాదు, నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ పసిపిల్లలతో ఎక్కేముందు ఆ బండి వెనక చక్రాల లోపలి వైపు ఒక్కసారి వంగి చూడండి. టైరు లోపలి గోడ తడిగా, జిడ్డుగా ఉంటే ఎక్కకండి. బండెవరిదైనా సరే, మా ఇంటిదైనా సరే.

చివరగా సమాఖ్యని రెండు విషయాలు అడుగుతున్నాను, తీర్మానం పుస్తకంలో రాయమని కోరుతున్నాను. ఒకటి, పాత బండికి అప్పు ఇచ్చేటప్పుడు ఎంసీపీలో బండి ధర ఒక్కటే రాస్తున్నాం. కొన్న వారంలోనే షూలు, కప్పులు, ఆయిలు, అవసరమైతే డ్రమ్ములు మార్చడానికి అయ్యే డబ్బు కూడా అందులోనే రాయాలి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ ఖర్చూ రాయాలి. అప్పు కొంచెం పెరుగుద్ది, నాకు తెలుసు. తర్వాత వడ్డీకి తెచ్చి చేయించడం కన్నా అదే నయం. కొంతమంది లీడర్లు దీనికి ఒప్పుకోవట్లేదు. "అప్పు పెద్దదైతే బ్యాంకు ఇవ్వదు" అంటున్నారు. అలాగైతే చిన్న బండి కొనుక్కోవాలి గాని, బ్రేకులు లేని పెద్ద బండి కొనకూడదు.

రెండు, ఒక మంచి జాకీ, నాలుగు స్టాండ్లు, నిపిలు స్పానరు, గొట్టం, సీసా, ఇవి సమాఖ్య ఆఫీసులో ఉంచితే బండ్లున్న సంఘాలన్నీ వాడుకోవచ్చు. విత్తనాలు శుద్ధి చేసే డ్రమ్ము, టార్పాలిన్లు అలాగే తిప్పుకుంటున్నాం కదా.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్న ఏడింటికి మా పెరట్లో విప్పి చూపిస్తాను. రావాలనుకునేవాళ్లు వీఓఏకి పేరు ఇవ్వండి. బండి ఖాళీగా తీసుకురండి, ముందు రోజు సాయంత్రం చక్రం నట్లకి తుప్పు వదిలే నూనె రాసి ఉంచండి. పాత చీర కట్టుకుని రండి. కొంగు బిగించి దోపుకోవాలి, గాజులు తీసి ఇంట్లో పెట్టాలి. తోలే మనిషిని కూడా తీసుకురండి, పెడలు నొక్కడానికి ఒకరు కావాలి.